పెద్ద వాహనం – పెద్ద అమానతు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. రెండు కుటుంబాలున్నాయనుకోండి. రెండూ నెలకు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. మొదటి కుటుంబం వద్ద లీటరుకు 8 కిలోమీటర్లు మాత్రమే నడిచే పాత, పెద్ద వాహనముంది. వారు దానిని మార్చి, లీటరుకు 10 కిలోమీటర్లు నడిచే వాహనం తీసుకున్నారు. రెండవ కుటుంబం వద్ద లీటరుకు 20 కిలోమీటర్లు నడిచే చిన్న కారుంది. వారు దానిని మార్చి, 30 కిలోమీటర్లు నడిచే కారు తీసుకున్నారు. ఈ రెండు కుటుంబాలలో ఎక్కువ ఇంధనాన్ని ఆదా చేసినవారెవరు?

అడిగినవారిలో చాలామంది రెండవ కుటుంబమనే చెబుతారు. ఒకరి మైలేజి పెరిగింది రెండు కిలోమీటర్లు, మరొకరిది పది కిలోమీటర్లు కదా! కాని కాగితం తీసుకొని లెక్కవేస్తే ఫలితం తారుమారవుతుంది. మొదటి కుటుంబం ఇంతకుముందు నెలకు 125 లీటర్లు వాడేది. ఇప్పుడు 100 లీటర్లు వాడుతుంది. మిగిలినవి 25 లీటర్లు. రెండవ కుటుంబం ఇంతకుముందు 50 లీటర్లు వాడేది. ఇప్పుడు సుమారు 33 లీటర్లు వాడుతుంది. మిగిలినవి 17 లీటర్లే!

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ భ్రమను గురించే రాశారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని చూసేటప్పుడు మన దృష్టి పెద్ద అంకెలవైపు పోతుంది. వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని చూస్తేనే అసలు ఖర్చు కళ్లకు కడుతుంది. అప్పుడు తెలిసే సత్యం ఒక్కటే: ఇంధనం ఎక్కువగా తాగే వాహనంలో చేసే చిన్న మెరుగుదల, తక్కువగా తాగే వాహనంలో చేసే పెద్ద మెరుగుదలకన్నా మేలైనది కావచ్చు.

“ఇది ఎలాగూ తాగే బండే, ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగినంత మాత్రాన ఒరిగేదేముంది?” అనే మాట పెద్ద వాహనాలున్న ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ మాట లెక్క ప్రకారం తప్పు. దానికన్నా ముఖ్యంగా, ఒక విశ్వాసి ఆలోచించవలసిన తీరు కూడా అది కాదు.

వాహనం – ఒక అనుగ్రహం

మన ఇళ్లలో పెద్ద వాహనం ఉండటం వింతేమీ కాదు. తల్లిదండ్రులు, పిల్లలు, ఒక్కోసారి పెద్దమ్మ, మేనత్త – అందరూ కలిసి బయలుదేరే కుటుంబాలు మనవి. నికాహ్‌కైనా, జనాజాకైనా, ఇజ్తెమాకైనా, హజ్‌ యాత్రికులకు వీడ్కోలు చెప్పేందుకైనా ఆరేడుగురు కలిసే వెళతారు. 2000వ సంవత్సరంలో క్వాలిస్, 2005లో ఇన్నోవా మన దేశంలోకి వచ్చి అంతగా ఆదరణ పొందటానికి ఇటువంటి కుటుంబాలే కారణం. అవే వాహనాలు అద్దె బళ్లుగా తిరిగి మన సోదరులెందరికో జీవనోపాధి కల్పించాయి. కనుక పెద్ద వాహనమే దుబారా అనలేము. అవసరం పెద్దదైనప్పుడు సాధనం కూడా పెద్దదే కావాలి.

దివ్య ఖుర్‌ఆన్‌లోని ‘నహ్ల్’ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ గుర్రాలను, కంచరగాడిదలను, గాడిదలను పేర్కొన్నాడు. అవి స్వారీకి పనికివస్తాయనీ, మనిషికి శోభనిస్తాయనీ తెలిపాడు. మనకు తెలియని మరెన్నింటినో ఆయన సృష్టిస్తాడని కూడా అక్కడే చెప్పబడింది. నేటి వాహనాలను చూసినప్పుడు ఆ మాట జ్ఞప్తికి రాక మానదు. అందువల్ల మంచి వాహనంపై మనసు పడటం పాపం కాదు. అయితే అదే గ్రంథం దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొంది. ‘ఫుర్ఖాన్’ సూరాలో కరుణామయుని దాసుల లక్షణాలు చెబుతూ, వారు ఖర్చు విషయంలో దుబారాకూ పిసినారితనానికీ నడుమ నిలుస్తారని తెలిపింది. మధ్యేమార్గమే మన మార్గం.

నాటి అరబ్బులకు ఒంటే వాహనం. దైవప్రవక్త ముహమ్మద్‌ (స) ఆ వాహనం హక్కును గురించి ఎంత నిశితంగా బోధించారో అబూదావూద్‌ సంకలనంలోని హదీసులు తెలుపుతాయి. వీపు పొట్టకంటుకుపోయిన ఒక ఒంటెను చూసి, ఈ మూగజీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని ఆయన హెచ్చరించారు. మరొక సందర్భంలో, వాహన జంతువుల వీపులను ఉపన్యాస వేదికలుగా మార్చుకోవద్దని వారించారు. అంటే, ప్రయాణం లేకుండా వాటిపై ఊరకే కూర్చొని కబుర్లాడవద్దని. చేరలేని చోటికి చేరవేయటానికే అల్లాహ్ వాటిని మనకు వశపరిచాడు.

ఇనుప యంత్రానికి ఆకలి, నొప్పి లేవు, నిజమే. కాని దాని కడుపులో మండుతున్న ఇంధనం కోట్లాది సంవత్సరాలపాటు భూగర్భంలో నిలవ చేయబడిన దైవానుగ్రహం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల, ఒక లీటరు డీజిలు మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మన వాహనం వదిలే పొగను పీల్చేవారిలో నడిచిపోయే పేదవాడు, రోడ్డు పక్కన బండి పెట్టుకున్న చిరువ్యాపారి, బడికి వెళ్లే పసివాడు ఉంటారు. పొరుగువారి హక్కు గురించి అంతగా నొక్కి చెప్పిన ధర్మాన్ని అనుసరించేవారం ఈ సంగతిని మరువరాదు.

చట్టాలు నేర్పిన పాఠం

పెద్ద వాహనాల ఇంధన పొదుపు చరిత్ర 1973తో ముడిపడి ఉంది. ఆ ఏడాది అరబ్బు–ఇస్రాయీల్ యుద్ధ సమయంలో, ఇస్రాయీల్‌కు తోడ్పడుతున్న అమెరికాకు అరబ్బు దేశాలు చమురు సరఫరాను నిలిపివేశాయి. చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయింది. ఆ దెబ్బతో అమెరికా 1975లో ఒక చట్టం చేసింది. ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజి 1985 నాటికి గ్యాలనుకు 27.5 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు ఉండాలన్నది లక్ష్యం.

అయితే ఆ చట్టంలో ఒక సందు మిగిలిపోయింది. రైతులు, చేతిపనివారు వాడే చిన్న ట్రక్కులకు వేరుగా, తేలికైన ప్రమాణం నిర్ణయించారు. క్రమేణా ట్రక్కు చట్రంపై నిర్మించిన ఎస్.యు.వి.లు కూడా అదే జాబితాలో చేరాయి. కుటుంబాలు కార్లను వదలి వాటివైపు మళ్లాయి. చట్టం కార్లను పొదుపుగా మారుస్తుండగా, ప్రజలు చట్టం అంతగా పట్టించుకోని పెద్ద వాహనాలెక్కారు. మనిషిలోని ఆడంబరాన్ని చట్టం ఒక్కటే అదుపు చేయలేదనటానికి ఇంతకన్నా నిదర్శనమేమి కావాలి?

చమురుకు పుట్టినిల్లయిన సౌదీ అరేబియా కూడా నేడు ఇదే బాట పట్టింది. 2010లో అక్కడ ఇంధన సామర్థ్య కేంద్రం ఏర్పడింది. 2016 నుంచి దేశంలోకి వచ్చే కొత్త కార్లు, తేలికపాటి ట్రక్కుల కంపెనీలకు సగటు మైలేజి ప్రమాణాలు వర్తింపజేశారు. 2015 చివరివరకు లీటరు 45 హలాలాలకే దొరికిన 91 ఆక్టేన్ పెట్రోలు ధరను మొదట 75 హలాలాలకు, 2018 జనవరిలో 1 రియాలు 37 హలాలాలకు పెంచారు. జిద్దా, రియాద్ నగరాల్లో వాహనాలు నడిపి ఇంటికి డబ్బు పంపే మన తెలుగు సోదరులు ఈ మార్పును కళ్లారా చూశారు. భూమి కింద సముద్రమంత చమురున్న దేశమే పొదుపు గురించి ఆలోచిస్తుంటే, ముడిచమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొనే మన దేశం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

మన దేశంలో 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద కార్ల కంపెనీలకు ప్రమాణాలున్నాయి. 2017–18 నుంచి మొదటి దశ, 2022–23 నుంచి రెండవ దశ అమలయ్యాయి. రెండవ దశలో సగటున 1082 కిలోల బరువుండే వాహనాల సముదాయం వంద కిలోమీటర్లకు సుమారు 4.77 లీటర్ల పెట్రోలుకు, అంటే కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు మించరాదు. బరువు పెరిగేకొద్దీ పరిమితి సడలుతుంది. ప్రభుత్వ సూత్రం కూడా ‘వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు’ అనే లెక్కలోనే ఉందని గమనించండి. అయితే ఈ పరిమితి ఒక కంపెనీ అమ్మే వాహనాలన్నిటి సగటుకే గాని, మన ఇంటి ముందున్న బండికి కాదు. దాని లెక్క చూడవలసింది మనమే.

ఇంధనం ఎక్కడికి పోతోంది?

వాహనంలో పోసిన పెట్రోలులోని శక్తిలో చాలా భాగం వేడిగా మారి ఇంజను నుంచి, పొగగొట్టం నుంచి వెళ్లిపోతుంది. సుమారు నాలుగోవంతు మాత్రమే చక్రాలను తిప్పటానికి మిగులుతుంది. ఆ మిగిలిన దానిని నాలుగు విషయాలు పంచుకుంటాయి.

మొదటిది బరువు. మనుషులతో నిండిన రెండు టన్నుల వాహనాన్ని గంటకు 60 కిలోమీటర్ల వేగానికి తెచ్చి, వెంటనే బ్రేకు వేసి ఆపారనుకోండి. ఆ వేగంకోసం వెచ్చించిన శక్తి యావత్తూ బ్రేకుల వద్ద వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. దానికైన పెట్రోలు సుమారు 35 మిల్లీలీటర్లు. అటువంటి ఆగుడులు ముప్పై అయితే ఒక లీటరు పెట్రోలు బ్రేకులకే సమర్పించినట్లు! అదే ఒక టన్ను కారయితే నష్టం ఇందులో సగమే.

రెండవది గాలి. పెద్ద వాహనం ముందుభాగం వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. అది గోడలాగా గాలిని తోసుకుంటూ సాగాలి. వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుబలం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి బదులు 100 కిలోమీటర్ల వేగంతో వెళితే, ప్రతి కిలోమీటరుకూ గాలిని తోయటానికయ్యే శక్తి 56 శాతం పెరుగుతుంది.

మూడవది టైర్ల ఒరిపిడి. గాలి తక్కువగా ఉన్న టైరు నేలకు అణిగి, వంగుతూ తిరుగుతూ వేడెక్కుతుంది. నాలుగవది, బండి కదలకుండానే తిరుగుతున్న ఇంజను. పెద్ద ఇంజను ఎ.సి.తో పాటు ఊరకే నడుస్తూ ఉంటే గంటకు ఒకటి నుంచి రెండు లీటర్ల వరకు హరించుకుపోతుంది.

వాహనాన్ని ఎంచుకొనేటప్పుడు

పొదుపు మొదలయ్యేది పెట్రోలు బంకు వద్ద కాదు, వాహనాన్ని ఎంచుకొనే ఇంటి సంప్రదింపు వద్ద. ఏడాదిలో ఎన్ని రోజులు ఏడుగురు కలిసి ప్రయాణిస్తారు? మిగిలిన రోజుల్లో ఆ వాహనంలో కూర్చొనేది ఎందరు? ఏడాదికి నాలుగుసార్లే పెద్ద వాహనం కావలసివస్తే, ఆ నాలుగుసార్లు అద్దెకు తీసుకొని, మిగిలిన కాలమంతా చిన్న కారుతో సరిపెట్టుకోవటం వివేకం. నిజంగానే పెద్ద వాహనం అవసరమైనవారు దాని నిర్మాణాన్ని గమనించాలి.

పాత తరహా పెద్ద వాహనాలు నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రంపై నిలిచి ఉంటాయి. గతుకుల దారులకు, బరువులు లాగటానికి అది మేలు. కాని చట్రం వేరు, పైభాగం వేరు కావటంవల్ల బరువు పెరుగుతుంది. కొత్త తరహా వాహనాల్లో చట్రం, పైభాగం కలిసి ఒకే పెట్టెలాగా ఉంటాయి. ఇన్నోవానే తీసుకోండి. డీజిలుతో నడిచే క్రిస్టా పాత పద్ధతి చట్రంపై నిర్మించబడి, వెనుక చక్రాలతో నడుస్తుంది. 2022 చివరలో వచ్చిన హైక్రాస్ ఏకఖండ నిర్మాణంతో, ముందు చక్రాలతో నడుస్తుంది. దాని హైబ్రిడ్ రకానికి ధ్రువీకరణ పరీక్షలో లీటరు పెట్రోలుకు 23.24 కిలోమీటర్ల మైలేజి నమోదయింది. పరీక్షలోని అంకె రోడ్డుపై యథాతథంగా రాదు. అయినా అంత పెద్ద వాహనం పెట్రోలుతో ఇంత దూరం నడవటం ఇరవై ఏళ్ల కిందట ఊహకందని విషయం.

హైబ్రిడ్‌లోని రహస్యం సులభమైనదే. బ్రేకు వేసినప్పుడు వేడిగా మారి పోవలసిన శక్తిని ఒక విద్యుత్ మోటారు పట్టుకొని బ్యాటరీలో దాస్తుంది. బండి తిరిగి కదిలేటప్పుడు ఆ శక్తినే వాడుకుంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. వాహనం ఎంత బరువైతే బ్రేకుల వద్ద అంత శక్తి వృథా అవుతుంది గనుక, ఈ ఏర్పాటువల్ల పెద్ద వాహనాలకు నగరాల్లో ఎక్కువ లాభం. జాతీయ రహదారిపై ఆగకుండా సాగే ప్రయాణంలో ఆ లాభం తగ్గుతుంది. కనుక కొనబోయేవారు తమ ప్రయాణాలు ఎక్కువగా ఎటువంటి దారుల్లో సాగుతాయో ముందే తేల్చుకోవాలి. హైబ్రిడ్ ధర కూడా ఎక్కువే. తక్కువగా తిరిగేవారికి ఆ అదనపు ధర తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. పెద్ద వాహనాన్ని అవసరంకోసం గాక, నలుగురిలో గొప్పకోసం కొనటం ప్రదర్శనాబుద్ధి. దానికోసం వడ్డీ అప్పుల్లో చిక్కుకోవటం మరింత ప్రమాదం. వియ్యంకుని నుంచి ‘జోడే కీ రఖమ్’తో పాటు కారు కూడా డిమాండు చేసి తెచ్చుకోవటం అన్నిటికన్నా దారుణం. మహ్ర్ చెల్లించవలసిన పురుషుడు వధువు తండ్రి చేత వాహనం కొనిపించుకుంటే, ఆ వాహనం ఎన్ని కిలోమీటర్ల మైలేజి ఇచ్చినా ఆ ఇంటికి శుభం ఎక్కడిది?

నడిపే చేతిలోనే సగం పొదుపు

ఉన్న వాహనాన్ని మార్చకుండానే ఎంతో ఆదా చేయవచ్చు. అందుకు కావలసింది నిదానం.

దైవప్రవక్త (స) తుది హజ్‌లో అరఫాత్‌ నుంచి తిరిగివస్తున్నప్పుడు, వెనుక ఒంటెలను అదిలిస్తున్న కేకలు, కొరడా దెబ్బల చప్పుళ్లు విన్నారు. పుణ్యం పరుగుల్లో లేదని, నెమ్మదిగా సాగమని ప్రజలకు సైగచేశారు. ఆయన స్వయంగా గుంపులో మితమైన నడకతో సాగేవారనీ, దారి ఖాళీగా కనిపించినప్పుడు వేగం పెంచేవారనీ బుఖారీ సంకలనంలో ఉంది. నేటి రద్దీ రోడ్లపై వాహనం నడపటానికి ఇంతకన్నా చక్కని పద్ధతి ఇంకేముంటుంది? ముందున్న ఎర్రదీపం కనిపిస్తున్నా యాక్సిలరేటర్ నొక్కి, దగ్గరకు వెళ్లాక బ్రేకు వేసేవారు ఇంధనాన్నీ, బ్రేకులనూ, తోటివారి సహనాన్నీ ఒకేసారి కరిగిస్తారు. దూరం నుంచే కాలు తీసి, బండిని దాని వేగంతో దానిని సాగనిస్తే చాలుసార్లు ఆగవలసిన అవసరమే రాదు. అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం లెక్క ప్రకారం, దూకుడుగా నడపటంవల్ల రహదారులపై మైలేజి 15 నుంచి 30 శాతం వరకు, ఆగుతూ సాగే రద్దీలో 10 నుంచి 40 శాతం వరకు తగ్గుతుంది.

వేగం విషయానికొస్తే, 1978లో మన దేశంలో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం గంటకు 45 – 55 కిలోమీటర్ల వేగం మిక్కిలి పొదుపైనదని సూచిస్తుంది. జాతీయ రహదారిపై అంత నెమ్మదిగా సాగటం కుదరకపోవచ్చు. కనీసం 80 వద్ద నిలుపుకోవచ్చు కదా! హైదరాబాదు నుంచి కర్నూలుకు సుమారు 210 కిలోమీటర్లు. వందకు బదులు ఎనభైతో వెళితే ఆలస్యమయ్యేది అరగంట. ఆ అరగంట ముందుగా ఇంటినుంచి బయలుదేరితే సరిపోతుంది. మిగిలేది ఇంధనం మాత్రమే కాదు, వెనుక సీట్లో నిద్రపోతున్న పిల్లల క్షేమం కూడా.

టైర్లలో గాలిని పదిహేను రోజులకొకసారి, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం వద్ద అంటించిన కాగితంపై ఉంటుంది. టైరు పక్కన ముద్రించి ఉండే అంకె గరిష్ఠ పరిమితి, దానిని అనుసరించరాదు. గాలి తక్కువైతే మైలేజిలో మూడు శాతం వరకు నష్టపోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, మండువేసవిలో గాలి తగ్గిన టైరు రహదారిపై వేడెక్కి పగిలే ప్రమాదముంది.

పైకప్పుమీది క్యారియరును పని పూర్తయ్యాక విప్పి లోపల పెట్టాలి. పైకప్పుపై పెద్ద సామాను పెట్టె ఉంటే నగరంలో 2 నుంచి 8 శాతం, రహదారిపై 6 నుంచి 17 శాతం ఇంధనం అదనంగా ఖర్చవుతుందని అదే విభాగం తెలుపుతోంది. డిక్కీలో నెలల తరబడి పడివున్న అనవసరపు సామాను కూడా బరువే. సగటున 45 కిలోల బరువుకు ఒక శాతం మైలేజి తగ్గుతుంది.

ఎండలో నిలిపిన బండిలో కూర్చోగానే ఎ.సి.ని పూర్తిగా తిప్పకుండా, మొదట అద్దాలు దించి కొద్ది దూరం సాగి, వేడిగాలి బయటకు పోయాక ఎ.సి. వేసుకోవాలి. ఆ తరువాత లోపలి గాలినే తిరిగి చల్లబరిచే మీట వాడాలి. రహదారి వేగంలో మాత్రం అద్దాలు తెరిస్తే గాలి ఎదురుబలం పెరుగుతుంది. అక్కడ అద్దాలు మూయటమే మేలు.

జుమా రోజున మస్జిద్ ముందు, వలీమా రాత్రి ఫంక్షన్ హాలు ముందు ఎన్ని వాహనాలు ఊరకే ఇంజను నడుపుతూ నిలిచి ఉంటాయో చూడండి. వాహనాల వీపులను వేదికలుగా చేసుకోవద్దన్న ప్రవక్త బోధన ఇక్కడ మనకు గుర్తురావాలి. ఎవరికోసమైనా వేచివుండవలసి వస్తే ఇంజను ఆపి, దిగి నీడన నిలబడాలి. పిల్లలను మాత్రం ఇంజను ఆపిన బండిలో, మూసిన అద్దాల నడుమ ఒక్క నిమిషం కూడా వదలరాదు. ఎండలో లోపలి వేడి నిమిషాల్లోనే ప్రాణాంతకం కావచ్చు.

ఆదా పేరిట చేయకూడనివి

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరు తీసి, బండిని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు కొందరికుంది. అది ఆదా అనుకుంటారు. నేటి వాహనాల్లో గేరులో ఉండగా యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే, ఇంజనుకు ఇంధనం దానంతట అదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత ఇంధనం మండుతూనే ఉంటుంది. అంటే అది ఆదా కాదు. పైగా బరువైన వాహనం భారమంతా బ్రేకులపైనే పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇప్పటికీ శిరోధార్యమే.

ఇంధన గొట్టానికి అయస్కాంతం తగిలిస్తే, ట్యాంకులో ఫలానా మాత్ర వేస్తే మైలేజి అమాంతం పెరుగుతుందనే ప్రకటనలను నమ్మకూడదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి సాధనాలను వందకు పైగా పరీక్షించి చూసింది. చెప్పుకోదగిన ప్రయోజనం దేనిలోనూ కనిపించలేదు. కంపెనీ సూచించిన చిక్కదనం గల ఇంజను ఆయిలు, సకాలంలో సర్వీసు, చక్రాల అలైన్‌మెంటు, పట్టేసి ఉండని బ్రేకులు – ఇవే నమ్మదగిన మందులు.

ఒక డ్రైవరు ఇంట్లో

ఈ లెక్కలు అద్దె వాహనం నడిపి కుటుంబాన్ని పోషించే సోదరునికి మరింత అవసరం. నెలకు 5,000 కిలోమీటర్లు తిరిగే డీజిలు వాహనం లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. నెలకు సుమారు 454 లీటర్లు కావాలి. నిదానమైన నడక, సరైన గాలి, సకాలంలో సర్వీసు వలన అది 12.5 కిలోమీటర్లకు పెరిగితే 400 లీటర్లు చాలు. మిగిలినవి 54 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే నెలకు 5,000 రూపాయలకు పైమాటే. పిల్లల ఫీజు, తల్లి మందులు, ఇంటి అద్దెలో ఒక భాగం – ఏదో ఒకటి అందులో నుంచే గట్టెక్కుతుంది. దానితో పాటు 145 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా ఆగుతుంది. ఇది ఎవరినీ యాచించి తెచ్చుకున్నది కాదు, ఎవరినీ మోసగించి సంపాదించినది కాదు. తన చేతి నిదానంతో సంపాదించుకున్న హలాల్ ఆదాయం.

ఆ సోదరుని అద్దెకు పిలిచేవారికి కూడా ఒక బాధ్యత ఉంది. “తొందరగా పోనీ, తొందరగా పోనీ” అని వెనుక నుంచి తరుముతూ, గంటల తరబడి ఎ.సి. వేయించి నిలబెట్టి, చివరకు కిలోమీటరు రేటు దగ్గర బేరమాడేవారు, అతని పిల్లల నోటి ముద్దను హరిస్తున్నామని గ్రహించాలి.

ఖాళీ సీటు

మైలేజి పెంచే సాధనాలన్నిటిలో శక్తిమంతమైనది ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. అదే ఖాళీ సీటును నింపటం. లీటరుకు 11 కిలోమీటర్లు నడిచే పెద్ద వాహనంలో ఆరుగురు ప్రయాణిస్తే, వంద కిలోమీటర్లకు ఒక్కొక్కరి వాటాకు వచ్చేది లీటరున్నర. లీటరుకు 20 కిలోమీటర్లు నడిచే చిన్న కారులో ఒక్కరే వెళితే ఆ ఒక్కరి వాటా అయిదు లీటర్లు. అదే పెద్ద వాహనంలో ఒక్కరే వెళితే తొమ్మిది లీటర్లకు పైనే! లీటరుకు అయిదు కిలోమీటర్లే నడిచే బస్సు నలభై మందితో సాగితే ఒక్కొక్కరి వాటా అరలీటరు. వాహనం పెద్దదా చిన్నదా అన్నదానికన్నా, అది ఎందరిని మోస్తోందన్నది ముఖ్యమని దీనివల్ల తెలుస్తోంది.

ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స), తన వద్ద అదనపు వాహనమున్న వ్యక్తి దానిని వాహనం లేనివానికి ఇవ్వాలని బోధించిన సంగతి ముస్లిం సంకలనంలో ఉంది. నేడు మనలో చాలామంది వద్ద అదనపు వాహనం లేకపోవచ్చు, అదనపు సీట్లు మాత్రం ఉన్నాయి. ఒకే వీధి నుంచి ఒకే పాఠశాలకు నాలుగు వాహనాలు నాలుగు పిల్లలతో వెళ్లటం అవసరమా? తరావీహ్ నమాజుకు వెళ్లేటప్పుడు పక్కింటి ముసలాయనను ఎక్కించుకోకూడదా? ఆసుపత్రికి పోవలసిన పొరుగింటి స్త్రీని, ఆమె ఇంటివారితో సహా, మన కుటుంబంతో పాటు తీసుకుపోకూడదా? ఇంధనం ఆదా అవుతుంది, అనుబంధం పెరుగుతుంది, పుణ్యం దక్కుతుంది. ఇక నడచి చేరగల మస్జిద్‌కు వాహనం తీయకపోవటం అన్నిటికన్నా మంచి పొదుపు. ఆ దారిలో వేసే ప్రతి అడుగుకూ ప్రతిఫలముందని మనకు తెలుసు.

ఇంట్లో ఒక పుస్తకం

ఈ నెల నుంచి ఒక పని చేద్దాం. వాహనంలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ట్యాంకు పూర్తిగా నింపినప్పుడు మీటరు అంకె రాసుకోండి. మళ్లీ నింపించేటప్పుడు పట్టిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు రాయండి. లీటర్లను నూరుతో గుణించి, కిలోమీటర్లతో భాగిస్తే వంద కిలోమీటర్లకు ఎంత తాగిందో తెలుస్తుంది. ఈ లెక్క వేసే పని ఇంట్లోని పిల్లలకు అప్పగించండి. 40 లీటర్లతో 400 కిలోమీటర్లు తిరిగితే పది. వచ్చే నెల దానిని తొమ్మిదిన్నరకు, ఆపై తొమ్మిదికి తేవాలని కుటుంబమంతా కలిసి సంకల్పించండి. పక్క గడిలో ఆ ప్రయాణంలో ఎందరున్నారో కూడా రాయండి. మూడు నెలలు గడిచేసరికి, మన అవసరం ఎక్కడ ముగిసి మన ఆడంబరం ఎక్కడ మొదలవుతోందో ఆ పుస్తకమే చెబుతుంది.

మిగిలిన సొమ్ములో కొంత ఇంటి అవసరాలకు, కొంత సదఖాకు కేటాయిస్తే ఆ పొదుపుకు అర్థం పరిపూర్ణమవుతుంది. వాహనమెక్కిన ప్రతిసారీ మనం చదివే దుఆలో, దీనిని మాకు వశపరిచినవాడు పరిశుద్ధుడని, మేము మా ప్రభువు వద్దకే మరలిపోయేవారమని ఒప్పుకుంటాం. వశపరచబడిన ప్రతి అనుగ్రహాన్ని గురించీ ఒకనాడు ప్రశ్న ఉంటుంది. ఆనాడు ఇవ్వవలసిన లెక్కను ఈనాడే చూసుకోవటం విశ్వాసికి శోభనిస్తుంది. సర్వోన్నతుడైన అల్లాహ్ మనకు ప్రయాణాల్లో క్షేమాన్ని, ఖర్చులో మధ్యేమార్గాన్ని, అనుగ్రహాల పట్ల కృతజ్ఞతను ప్రసాదించుగాక! ఆమీన్.